నొప్పి చెప్పుకోగలిగినంత నమ్మకం

(బాల క్రీడాకారులకు శిక్షణ ఇవ్వబోతున్న కొత్త కోచ్‌లను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

మిత్రులారా,

మెడలో విజిల్, చేతిలో స్టాప్‌వాచ్‌తో రేపో మాపో మైదానంలోకి అడుగుపెట్టబోతున్న మీతో మాట్లాడే అవకాశం ఇచ్చినందుకు నిర్వాహకులకు నా కృతజ్ఞతలు. పరుగు పందేలకు పిల్లలను తయారుచేసే పనిలో నేను చాలా ఏళ్లు గడిపాను. టెక్నిక్ గురించీ, శిక్షణ ప్రణాళికల గురించీ మీకు ఇక్కడి అధ్యాపకులు వివరంగా చెప్పే ఉంటారు కాబట్టి, నేను ఒకే ఒక్క విషయానికి పరిమితమవుతాను. అది కోచ్‌కూ పిల్లలకూ మధ్య ఉండవలసిన నమ్మకం.

ఈ మాట వినగానే, పిల్లలు కోచ్‌ను నమ్మాలి, చెప్పినట్టు నడుచుకోవాలి అన్న అర్థమే మనలో చాలామందికి స్ఫురిస్తుంది. చెప్పినట్టు నడుచుకోవడాన్ని విధేయత అంటారు. అది భయంతో కూడా వస్తుంది. మనకు నచ్చదని తెలిసిన సంగతిని సైతం పిల్లలు నేరుగా మన దగ్గరకు తెచ్చి చెప్పగలిగినప్పుడే అక్కడ నమ్మకం ఉన్నట్టు. ఈ రెండింటికీ తేడా తెలియక నేను ఒక అమ్మాయికి కీడు చేశాను. ముందు ఆ సంగతి చెబుతాను.

ఆ అమ్మాయికి అప్పుడు పద్నాలుగేళ్లు. 800 మీటర్లు పరిగెత్తేది. ఒక్క రోజు ఆలస్యంగా వచ్చేది కాదు, ఒక్క మాట ఎదురు చెప్పేది కాదు. నా దగ్గరున్న పిల్లలందరిలోకీ నన్ను ఎక్కువగా నమ్మేది ఆ అమ్మాయేనని అనుకునేవాణ్ణి. ఒక ఉదయం, మైదానం శుభ్రం చేసే పెద్దాయన నా దగ్గరకు వచ్చి, "సార్, ఆ పాప రోజూ సామాను గది వెనకాల కూర్చుని కాలు నొక్కుకుంటోంది, మీరు చూశారా?" అని అడిగాడు. నేను చూడలేదు. ఆ రోజు వార్మప్‌లో దూరం నుంచి గమనించాను. నేను అటు తిరిగి ఉన్నంతసేపూ ఎడమ కాలు కాస్త తేలికగా ఆనించి పరిగెత్తుతోంది. నా చూపు తనమీద పడగానే సర్దుకొని, రెండు కాళ్లూ సమానంగా వేస్తోంది. పిలిచి అడిగితే "ఏం లేదు సార్" అంది. కూర్చోబెట్టి, మోకాలి కింద ముందువైపు ఉండే ఎముక వెంబడి బొటనవేలితో నొక్కుకుంటూ వచ్చాను. ఒక చోట, సరిగ్గా వేలికొన పట్టేంత చోట, కాలు చటుక్కున వెనక్కి లాక్కుంది.

స్కానింగ్‌లో అది స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే పదే పదే పడిన ఒత్తిడికి ఎముకలో వచ్చే సన్నని బీట అని తేలింది. ఎన్నాళ్ల నుంచి నొప్పి ఉందని అడిగితే ఐదు వారాలు అంది. నాకెందుకు చెప్పలేదని అడిగాను. చాలాసేపు నేలకేసి చూసి, తనతోపాటు శిక్షణ పొందే ఒక అబ్బాయి పేరు చెప్పి, "అప్పుడు వాడు చెప్పాడు కదా సార్" అంది.

ఆ మాటతో నాకు అంతా గుర్తుకొచ్చింది. అంతకు కొన్ని నెలల ముందు ఆ అబ్బాయి తొడ పట్టేసిందని నాతో చెప్పాడు. "ఆటలో నిలబడాలంటే ఓర్చుకోవడం నేర్చుకోవాలి" అని అందరి ముందూ అన్నాను. ఆ వారం రిలే జట్టులో వాడి స్థానంలో మరొకరిని వేశాను. నా వరకు అది ఆ రోజుతోనే మరుపున పడిపోయిన సంగతి. మైదానంలో ఉన్న పిల్లలు మాత్రం దానిని ఒక నియమంగా రాసిపెట్టుకున్నారు: నొప్పి అంటే మాట పడాలి, జట్టులో చోటు పోతుంది. నోటీసు బోర్డు మీద నేను ఎన్ని నియమాలు అంటించినా, వాటన్నిటికంటే దానినే వాళ్లు బాగా పాటించారు.

ఇక్కడ కాస్త వైద్య విషయం కూడా చెప్పాలి, ఎందుకంటే నమ్మకం అనేది కేవలం మనసులకు సంబంధించినది అనుకుంటే దాని విలువ మనకు సగమే తెలుస్తుంది. పరుగు పిల్లల్లో మోకాలి కింద ఎముక అంచు పొడవునా పరుచుకున్నట్టు ఉండే నొప్పి సర్వసాధారణం. పరుగు తగ్గించి, బూట్లూ నేలా మార్చుకుంటే అది చాలావరకు సర్దుకుంటుంది. ఒకే బిందువు దగ్గర పట్టి ఉండి, ఒంటికాలిమీద గెంతితే పొడిచినట్టుండి, రానురాను విశ్రాంతిలో కూడా వేధించే నొప్పి వేరు. అక్కడ ఎముకలో సన్నని బీట మొదలైందని అనుమానించాలి. తొలి వారాల్లో మామూలు ఎక్స్‌రేలో అది కనిపించకపోవచ్చు. అంటే ఆ దశలో ఆ సమాచారం యంత్రానికి తెలియదు, కోచ్ కంటికి తెలియదు, పిల్లకు మాత్రమే తెలుసు. ఆ పిల్ల నోరు విప్పితే కొన్ని వారాల విశ్రాంతితో పోయేది, విప్పకపోతే నెలల తరబడి ఆటకు దూరం చేస్తుంది. కాబట్టి మన శిక్షణకు కావలసిన సమాచారంలో అన్నింటికన్నా విలువైనది పిల్లల గుండెల్లో దాగి ఉంటుందనీ, దానిని వాళ్లు తమంతట తాము ఇస్తేనే మనకు అందుతుందనీ గుర్తుంచుకోండి. నమ్మకం లేని చోట ప్రతి శిక్షణ ప్రణాళికా తప్పుడు లెక్కల మీద నడుస్తుంది.

ఎదిగే వయసులో ఈ అవసరం ఇంకా ఎక్కువ. సగటున అమ్మాయిలు 12 ఏళ్ల దగ్గర, అబ్బాయిలు 14 ఏళ్ల దగ్గర అతివేగంగా పొడవు పెరుగుతారు. ఆ కొద్ది నెలల్లో ఎముకలు ముందు పొడుగు సాగుతాయి, కండరాల బలం వెనక నుంచి వస్తుంది. నిన్నటిదాకా చక్కగా హర్డిల్ దాటిన పిల్లవాడు ఇవాళ దానిని తన్నుకొని పడతాడు, పరుగు టైమింగ్ ఆగిపోతుంది, ఒక్కోసారి పడిపోతుంది కూడా. ఎముక కొనల్లో ఎదుగుదల జరిగే మెత్తని భాగాల దగ్గర, అంటే మోకాలి చిప్ప కింద, మడమ వెనక నొప్పులు వస్తాయి. తనకు ఏం జరుగుతోందో తెలియని పిల్లవాడు, తన సత్తా అయిపోయిందనుకుంటాడు. ఈ మార్పు రాకముందే మీరు వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని, "వచ్చే ఏడాదిలో నువ్వు బాగా పొడుగవుతావు, అప్పుడు కొన్నాళ్లు నీ టైమింగ్ తగ్గినా తగ్గవచ్చు, అది నీ తప్పు కాదు, మళ్లీ వస్తుంది" అని చెప్పి చూడండి. మీరు చెప్పింది చెప్పినట్టు జరిగిన రోజున, మీ మాట వాడికి ఎంత విలువైనదవుతుందో మాటల్లో చెప్పలేను. నాకు తెలిసినంతలో నమ్మకం సంపాదించడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు.

ఎదుగుదల మన కళ్లను కూడా మోసం చేస్తుంది. ఒకే వయోవర్గంలో జనవరిలో పుట్టిన పిల్లవాడికీ డిసెంబరులో పుట్టిన పిల్లవాడికీ దాదాపు ఒక ఏడాది తేడా. కెనడా ఐస్ హాకీ ఆటగాళ్ల పుట్టిన తేదీలను 1985లో పరిశోధకులు పరిశీలించినప్పుడు, ఏడాది మొదటి నెలల్లో పుట్టినవారు ఎక్కువగానూ, చివరి నెలల్లో పుట్టినవారు చాలా తక్కువగానూ కనిపించారు. ఆ తర్వాత అనేక దేశాల్లో, అనేక ఆటల్లో ఇదే ధోరణి బయటపడింది. కాస్త ముందు పుట్టి కాస్త పెద్దగా ఉన్న పిల్లవాడిని మనం ప్రతిభావంతుడని అనుకుంటాం, వాడికి ఎక్కువ సమయం ఇస్తాం, ఎక్కువ మాటలు చెబుతాం. వెనక వరుసలో నిలబడ్డ చిన్నవాడు ఇదంతా చూస్తూనే ఉంటాడు. కోచ్ తనను లెక్కలోకి తీసుకోలేదని గ్రహించడానికి పిల్లలకు ఎక్కువ రోజులు పట్టదు.

ఇక మనం మైదానంలో ఎలా మాట్లాడాలి అన్నది. ఈ విషయంలో నాకు బాగా ఉపయోగపడిన ఉదాహరణ, అమెరికాలో యూసీఎల్‌ఏ (లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం) బాస్కెట్‌బాల్ జట్టుకు 1948 నుంచి 1975 దాకా కోచ్‌గా ఉన్న జాన్ వుడెన్. ఆయన జట్టు 1964, 1975 మధ్య పన్నెండేళ్లలో పదిసార్లు జాతీయ ఛాంపియన్ అయింది. ఆయన చివరి సీజన్లో రోలండ్ థార్ప్, రొనాల్డ్ గాలిమోర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు పదిహేను ప్రాక్టీసులకు వెళ్లి కూర్చుని, ఆయన నోటి నుంచి వచ్చిన బోధనలన్నింటినీ వర్గాలుగా విడదీసి నమోదు చేశారు. మొత్తం 2,326 లెక్కకు వచ్చాయి. అంత గొప్ప కోచ్ కాబట్టి ఉత్తేజపరిచే ఉపన్యాసాలు దంచి ఉంటాడని ఎవరైనా అనుకుంటారు. పొగడ్తలు ఏడు శాతానికి లోపే ఉన్నాయి, ఆగ్రహం కూడా ఏడు శాతానికి లోపే ఉంది. దాదాపు నాలుగింట మూడు వంతుల మాటలు కేవలం సమాచారం: ఏం చేయాలి, ఎలా చేయాలి, ఎప్పుడు చేయాలి. ఎవరైనా తప్పు చేస్తే సరైన పద్ధతి చేసి చూపేవాడు, వాళ్లు చేసిన తప్పును చేసి చూపేవాడు, మళ్లీ సరైనది చేసి చూపేవాడు. అదంతా కొద్ది సెకన్లలో ముగిసేది, ఆట సాగిపోయేది. ఇంకొక సంగతి కూడా ప్రసిద్ధం. ప్రతి సీజన్ మొదటి రోజున, ఎంతటి పేరున్న ఆటగాళ్లకైనా సరే, సాక్సులు ముడతలు లేకుండా ఎలా తొడుక్కోవాలో, బూట్ల లేసులు ఎలా బిగించుకోవాలో ఆయన స్వయంగా నేర్పేవాడు. ముడత పడితే బొబ్బ వస్తుంది, బొబ్బ వస్తే ఆట ఆగిపోతుంది.

ఇందులో నమ్మకం ఎక్కడుంది అని మీరు అడగవచ్చు. నా దృష్టిలో మొత్తం అక్కడే ఉంది. సమాచారం ఇవ్వడమంటే, నువ్వు నేర్చుకోగలవు అని ఎదుటివాడిని గౌరవించడం. "శభాష్" అనే మాట పిల్లవాడి భుజం తట్టి వెళ్లిపోతుంది. "బద్ధకస్తుడా" అనే మాట వాడి మీద ముద్ర వేసి వెళ్లిపోతుంది. "మలుపులో లోపలి చెయ్యి కాస్త తగ్గించు" అన్న మాట వాడి చేతికి ఒక పనిముట్టు ఇస్తుంది. ఆ పనిముట్టు పనిచేసిన ప్రతిసారీ కోచ్ మీద నమ్మకం ఒక మెట్టు పైకి ఎక్కుతుంది. తన పాదానికి బొబ్బ రాకూడదని పట్టించుకున్న మనిషికి, ఆ ఆటగాడు తన నొప్పి కూడా చెప్పుకుంటాడు.

మనం ఎలా మాట్లాడుతున్నామో మనకు తెలుసునని అనుకోవడం కూడా పొరపాటే. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రోనాల్డ్ స్మిత్, ఫ్రాంక్ స్మోల్ 1970లలో పిల్లల బేస్‌బాల్ కోచ్‌లను మైదానంలో గమనించి, తర్వాత అదే విషయాన్ని కోచ్‌లనూ పిల్లలనూ విడివిడిగా అడిగారు. కోచ్‌లు తమ ప్రవర్తన గురించి ఇచ్చుకున్న అంచనా, పరిశీలకులు నమోదు చేసినదానితో పెద్దగా సరిపోలేదు. పిల్లలు చెప్పినదే వాస్తవానికి ఎక్కువ దగ్గరగా ఉంది. నన్ను ఎంతో ఆలోచింపజేసిన ఫలితమిది. మన గొంతు ఎంత పెరిగిందో, ఎవరి వైపు చూడటం మానేశామో మనకంటే వాళ్లకే బాగా తెలుసు.

ఆ పరిశోధకులే కోచ్‌ల కోసం కొద్ది గంటల శిక్షణ రూపొందించారు. మంచి ప్రయత్నాన్ని గుర్తించడం, తప్పు జరిగిన వెంటనే ధైర్యం చెప్పి దారి చూపడం, శిక్షించడం మానుకోవడం, ఇవే అందులోని సారాంశం. 1992లో వెలువడిన అధ్యయనం ప్రకారం, ఆ శిక్షణ లేని కోచ్‌ల దగ్గర ఆడిన పిల్లల్లో 26 శాతం మంది మరుసటి సీజన్‌కు తిరిగి రాలేదు. శిక్షణ పొందినవారి దగ్గర ఆడినవారిలో మానేసినవారు 5 శాతమే. రెండు వర్గాల జట్ల గెలుపోటముల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే ఆ పిల్లలను ఆటలో నిలిపినవి విజయాలు కావు.

ఇక మార్గదర్శకత్వం గురించి. కోచింగ్ నైపుణ్యాన్ని ఇస్తుంది, మార్గదర్శకత్వం ఆ నైపుణ్యాన్ని ఒంటరిగా మోయగలిగే మనిషిని తయారుచేస్తుంది. అమెరికా ఈతగాడు మైఖేల్ ఫెల్ప్స్‌కు పదకొండేళ్ల వయసు నుంచీ బాబ్ బోమన్ కోచ్. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లై ఫైనల్లో ఫెల్ప్స్ కళ్లద్దాలు నీటితో నిండిపోయి ఎదుటి గోడ కనిపించలేదు. అతడు తన బారలను లెక్కపెట్టుకుంటూ ఈది, ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచాడు. ఆ నీళ్లలో కోచ్ మాట వినబడదు, సైగ కనబడదు. అప్పుడు పనికొచ్చేది ఏళ్ల తరబడి అభ్యాసంలో ఆటగాడి సొంతమైపోయిన తెలివిడి ఒక్కటే. అందుకే పిల్లల చేతికి నిర్ణయాలను కొంచెం కొంచెంగా అప్పగించండి. పన్నెండేళ్ల పిల్ల వార్మప్ క్రమాన్ని తానే ఎంచుకోవచ్చు. పద్నాలుగేళ్లకు శిక్షణ డైరీ తానే రాసుకొని, మీతో కూర్చుని దాన్ని చర్చించవచ్చు. పదహారేళ్లకు రేసు వ్యూహం తాను చెబితే మీరు వినవచ్చు. వాళ్లు ఎంచుకున్నది తప్పని మీకు ముందే తెలిసినా, ప్రమాదం లేనిదైతే ఒకసారి అలాగే పోనివ్వండి. మనం వాళ్లను నమ్మకుండా, వాళ్లు మనల్ని నమ్మాలని అడిగే హక్కు మనకు లేదు.

ఓటమి రోజున ఈ బంధానికి అసలు పరీక్ష ఎదురవుతుంది. 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల హర్డిల్స్‌లో పి.టి. ఉష సెకనులో నూరోవంతు తేడాతో కాంస్యం కోల్పోయిన సంగతి మీ అందరికీ తెలుసు. ఆమెను పాఠశాల వయసు నుంచీ తీర్చిదిద్దిన ఓ.ఎం. నంబియార్ శిక్షణలోనే, మరుసటి ఏడాది జకార్తాలో జరిగిన ఆసియా అథ్లెటిక్స్ ఛాంపియన్‌షిప్‌లో ఆమె ఐదు స్వర్ణాలు గెలిచింది. నూరోవంతు సెకను గురించి మనిషిని జీవితాంతం దెప్పవచ్చు, లేదా మర్నాడు ఉదయం మళ్లీ ట్రాక్ దగ్గర కలుసుకోవచ్చు. ఓడిన పిల్లవాడు మైదానం దాటి బయటికి వచ్చేటప్పుడు మొదట వెతికేది మీ ముఖాన్నే. ఆ క్షణంలో విశ్లేషణ వద్దు. నీళ్లివ్వండి, పక్కన నడవండి, తప్పొప్పులు మర్నాడు మాట్లాడుకోవచ్చు.

ఇప్పుడు చెప్పడానికి కష్టంగా ఉన్నా చెప్పి తీరవలసిన విషయం. నమ్మకాన్ని దుర్వినియోగం చేసేవాళ్లు ఉన్నారు, మన వృత్తి చుట్టూనే ఉన్నారు. అమెరికా జిమ్నాస్టిక్స్ జట్టు వైద్యుడు ల్యారీ నాసర్ ఏళ్ల తరబడి బాలికలపై లైంగిక దాడులకు పాల్పడ్డాడు. 2018 జనవరిలో కోర్టులో నూట యాభై మందికి పైగా బాధితులు నిలబడి తమ గోడు చెప్పారు. కోచ్‌లు కఠినంగా ఉండే వాతావరణంలో, ఆప్యాయంగా మాట్లాడే మనిషిగా అతడు తమకు దగ్గరయ్యాడని వారిలో కొందరు వివరించారు. దీని నుంచి నేను గ్రహించింది ఏమిటంటే, నొప్పి గురించి కోచ్‌తో మాట్లాడలేని పిల్లలు, వినేవాళ్లు ఎవరు దొరికినా వాళ్ల చేతికి చిక్కుతారు. అదే ఏడాది ఫిబ్రవరిలో అక్కడ అమల్లోకి వచ్చిన చట్టం, మైనరు క్రీడాకారులతో పెద్దవాళ్లు ఒంటరిగా ఉండే సందర్భాలను పరిమితం చేయాలనీ, అలాంటి సందర్భం వస్తే మరో పెద్దమనిషికి కనబడేలా, కావాలంటే మధ్యలో కల్పించుకోగలిగేలా ఉండాలనీ నిర్దేశించింది. మీరు ఏ దేశంలో, ఏ మైదానంలో పనిచేసినా దీన్ని సొంత నియమంగా పెట్టుకోండి. పిల్లలతో విడిగా మాట్లాడాలంటే నలుగురికీ కనబడే చోట, వాళ్ల మాట ఇతరుల చెవిన పడనంత దూరంలో మాట్లాడండి. ఫోన్లో సందేశం పంపితే తల్లిదండ్రులు కూడా ఉన్న గుంపులోనే పంపండి. మీ మీద ఫిర్యాదు ఉంటే ఎవరి దగ్గరకు వెళ్లాలో మొదటి రోజునే పిల్లలకు మీరే చెప్పండి. ఇది మనల్ని అనుమానించడం కదా అని కొందరు కోచ్‌లు నొచ్చుకుంటారు. నొచ్చుకోవద్దు. నలుగురి కళ్ల ముందు నిలబడలేని నమ్మకాన్ని పిల్లల నుంచి కోరకూడదు.

తల్లిదండ్రుల గురించి ఒక్క మాట చాలు. వాళ్లకు ఇచ్చిన మాట కూడా పిల్లలకు ఇచ్చిన మాటే. జట్టు ఎంపిక ఎప్పుడు, ఏ ప్రాతిపదికన జరుగుతుందో ముందే చెప్పండి, చెప్పిన రోజునే ప్రకటించండి.

మళ్లీ నా మైదానానికి వస్తాను. ఆ అమ్మాయి కోలుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. నేను పిల్లలందరినీ కూర్చోబెట్టి, అప్పుడు ఆ అబ్బాయితో నేను అన్న మాట తప్పని వాడి ఎదుటే ఒప్పుకున్నాను. నొప్పి చెప్పినవాళ్లను ఎవరూ ఒక్క మాట అనకూడదని, ముందుగా నాకే ఆ నియమం వర్తిస్తుందని చెప్పాను. అందరూ తలలూపారు. ఆ తర్వాత మూడు వారాలపాటు ఒక్కరు కూడా వచ్చి ఏమీ చెప్పలేదు. మాటలతో పోయింది మాటలతోనే తిరిగి రాదని నాకు అప్పుడు అర్థమైంది.

నాలుగో వారంలో రిలే పోటీ. దానికి ముందురోజు సాయంత్రం, మా జట్టులో చివరి లెగ్, అంటే చివరి వంతు, పరిగెత్తవలసిన అబ్బాయి, మొదట మాట పడ్డ ఆ అబ్బాయే, నా దగ్గరకు వచ్చి కాసేపు ఊరికే నిలబడ్డాడు. చివరికి, "సార్, తొడ మళ్లీ పట్టినట్టుంది" అన్నాడు. పిల్లలంతా కొంచెం దూరంలో బూట్లు విప్పుకుంటూ ఇటే చూస్తున్నారు. "చెప్పి మంచి పని చేశావు, ఎక్కడో వేలితో చూపించు" అన్నాను. చూపించాడు. ఫిజియోతో మాట్లాడి వాడిని మర్నాటి పోటీ నుంచి తప్పించాను. పోటీ రోజున జట్టుతోపాటే తీసుకెళ్లి, స్టాప్‌వాచ్ వాడి చేతికిచ్చాను. తర్వాతి పోటీలో చివరి లెగ్ వాడిదేనని బయలుదేరే ముందే అందరికీ చెప్పాను. మా జట్టు నాలుగో స్థానంలో వచ్చింది. పతకం లేదు.

మర్నాడు ఉదయం నేను వెళ్లేసరికి సామాను గది దగ్గర ఇద్దరు పిల్లలు నా కోసం ఎదురుచూస్తున్నారు. ఒకరికి మడమ, ఒకరికి మోకాలు. ఎన్ని రోజుల నుంచి అని అడిగితే, ఇద్దరూ నెల పైనే అన్నారు.